వారానికి ఒకటంటే వారానికి ఒకటే

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సమాఖ్య లీడరు చేసిన ప్రసంగం)



పొద్దున్నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, స్త్రీనిధి వసూళ్లు అన్నీ విన్నారు. భోజనాలైనాక నిద్ర వచ్చే టైములో నాకు మైకు ఇచ్చారు. ఆరోగ్యం గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. నేను పదో తరగతి వరకే చదివాను. డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. అయితే నా ఇంట్లో ఒకటి, మా సంఘంలో ఒకటి, రెండు సంగతులు జరిగాయి. రెండూ ఎముకల గురించే, రెండూ డి విటమిన్ గురించే. ఒకరికి అది అందక కష్టం వచ్చింది. ఇంకొకరికి అది ఎక్కువై కష్టం వచ్చింది. రెండో దాంట్లో తప్పు నాది. అది కూడా దాచకుండా చెప్తాను. నిద్ర పోకుండా వినండి.

ముందు మా అత్తమ్మ సంగతి. నాలుగేళ్ల కిందట, సంక్రాంతి ఇంకా వారం ఉందనగా, తెల్లవారుజామున పాలు పిండటానికి కొట్టంలోకి పోయింది. బండల మీద తడి ఉంది. కాలు జారి పక్కకు పడింది. పెద్ద ఎత్తు నుంచి పడలేదు, నిలబడ్డ చోటనే పడింది. లేవలేకపోయింది. ఆటోలో ఎక్కించి తీసుకుపోతే ఎక్స్‌రే తీసి తుంటి ఎముక విరిగింది అన్నారు. అప్పటికి ఆమెకు 58 ఏళ్లు. చెనక్కాయలు పెరకడంలో, కలుపు తీయడంలో నాకంటే ముందుండే మనిషి.

ఆస్పత్రిలో డాక్టరు నన్ను మొదట అడిగిన మాట, "ఆమెకు ముట్లు ఎప్పుడు ఆగిపోయినాయి?" అని. తుంటి విరిగితే ముట్లతో ఏం పని అనుకున్నాను. నాకు తెలియదన్నాను. అత్తమ్మే మంచం మీద నుంచి చెప్పింది. "నా ముప్పై నాలుగో ఏటనే పెద్దాపరేషన్ చేసినారు సార్, గర్భసంచి తీసేసినారు" అని. ఇంటికొచ్చి పెట్టె వెతికితే పాత కాగితం దొరికింది. అందులో గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసేసినట్టు ఉంది. ఆ సంగతి అత్తమ్మకు కూడా ఇన్నేళ్లు తెలియదు.

ఆపరేషన్ కార్డు మీద అయింది. కానీ తిరుగుళ్లు, మందులు, మనిషికి తోడు ఒక మనిషి, నాలుగు నెలలు నా కూలి పోవడం, ఇవన్నీ కార్డు మీద రావు కదా. సంఘంలో అప్పు తీసుకున్నాను. రెండు ఆవుల్లో ఒకదాన్ని అమ్మేశాం. అత్తమ్మ ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నడుస్తుంది. దేవుడి దయ, నడుస్తుంది. పడ్డ తర్వాత మంచం దిగని వాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు?

అప్పుడు నేను ఎముక గురించి అడిగి తెలుసుకున్నాను. మనకు అర్థమయ్యేటట్టు చెప్తాను. ఎముక అంటే గోడలో రాయి లాంటిది కాదు. అది బతికి ఉంటుంది. రోజూ కొంచెం కరుగుతుంది, రోజూ కొంచెం కట్టుకుంటుంది. మన పొదుపు ఖాతా మాదిరి. చిన్నప్పటి నుంచి ముప్పై ఏళ్ల దాకా జమ ఎక్కువ, ఖర్చు తక్కువ. ఆ తర్వాత కొన్నాళ్లు సమానంగా నడుస్తుంది. ముట్లు ఆగినాక ఖర్చు ఎక్కువైపోతుంది. ఎందుకంటే అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ అనే హార్మోను ఎముక కరగకుండా కాపలా కాస్తుంది. ముట్లు ఆగితే ఆ కాపలా పోతుంది. మొదటి అయిదు నుంచి ఏడేళ్లలోనే ఎముక బలం నూటికి 20 పాళ్ల దాకా తగ్గిపోవచ్చని చెప్తారు. పైకి నొప్పి ఏమీ ఉండదు. లోపల గుల్లబారుతుంది. పడినప్పుడే బయటపడుతుంది. నడుం వంగిపోయి గూని రావడం, ఎత్తు తగ్గడం కూడా దీనివల్లే. వెన్నుపూసలు లోపల్లోపల అణిగిపోతాయి. మనమేమో "వయసు కదా" అని ఊరుకుంటాం.

మన దేశంలో ఆడవాళ్లకు సగటున 46 ఏళ్లకే ముట్లు ఆగిపోతాయంటారు. అండాశయాలు తీసేస్తే ఆ రోజుతోనే ఆగినట్టు. మా అత్తమ్మకు 34కే ఆగింది. అంటే పడే నాటికి 24 ఏళ్లుగా ఆమె ఖాతాలో ఖర్చే ఎక్కువ.

ఇక డి విటమిన్. ఎముకకు కావలసిన సరుకు కాల్షియం. అది పాలలో, రాగుల్లో, ఆకుకూరల్లో ఉంటుంది. తిన్నంత మాత్రాన ఎముకకు చేరదు. పేగులో నుంచి రక్తంలోకి రావాలి. దాన్ని రానిచ్చేది డి విటమిన్. మన సంఘం చెక్కు ఉంది చూడండి. డబ్బు బ్యాంకులో ఉన్నా, లీడర్ల సంతకాలు లేకపోతే రూపాయి బయటికి రాదు. డి విటమిన్ ఆ సంతకం లాంటిది. సంతకం లేకపోతే తిన్న కాల్షియం చాలావరకు వచ్చిన దారినే పోతుంది. అప్పుడు ఒంటికి కావలసిన కాల్షియాన్ని ఎముకలో నుంచే లాక్కుంటుంది. కానీ ఇంకో మాట కూడా గుర్తు పెట్టుకోండి. చెక్కు మీద పది సంతకాలు పెట్టినంత మాత్రాన ఖాతాలో డబ్బు పదింతలు కాదు. ఈ మాట నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

మీకు వచ్చే అనుమానమే నాకూ వచ్చింది. డి విటమిన్ ఎండలో వస్తుందంటారు. మనం పొద్దస్తమానం ఎండలోనే కదా ఉండేది, మనకెందుకు తక్కువవుతుంది అని. మన తిరుపతి స్విమ్స్ ఆస్పత్రి డాక్టర్లు ముట్లు ఆగిన 164 మంది ఆడవాళ్లకు రక్తపరీక్ష చేసి 2005లో ప్రచురించారు. అందులో నూటికి 82 మందికి డి విటమిన్ చాలినంత లేదు. నూటికి 30 మందికి మరీ తక్కువ. ఇది ఎక్కడో చలి దేశంలో కాదు. మన రాళ్లు పగిలే ఎండలో.

కారణాలున్నాయి. ఒకటి, ఎండ ఒంటికి తగలాలి. మనం చేలోకి పోయేటప్పుడు చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుంటాం, నెత్తికి టవలు చుట్టుకుంటాం, ముఖం సగం కప్పుకుంటాం. అది తప్పు కాదు, లేకపోతే ఒళ్లు కాలిపోతుంది. కానీ చర్మానికి ఎండ తగిలేది తక్కువ. రెండు, పొద్దున ఏడు గంటల లేత ఎండలో డి విటమిన్ వస్తుందని మనమందరం అనుకుంటాం. ఆ ఏటవాలు ఎండలో పెద్దగా తయారు కాదు. తిరుపతి ఎండను కొలిచి చూసిన డాక్టర్లు పగలు 11 నుంచి 2 గంటల మధ్య బాగా తయారవుతుందని చెప్పారు. మూడు, మన నల్లని చర్మానికి తెల్లవాళ్ల కంటే ఎక్కువ సేపు ఎండ కావాలి. వయసు పెరిగేకొద్దీ చర్మం తయారుచేసే శక్తి కూడా తగ్గుతుంది. నాలుగు, తిండిలో డి విటమిన్ చాలా తక్కువ. కొవ్వున్న చేపల్లో, గుడ్డు పచ్చసొనలో కొంచెం ఉంటుంది. మన ఆవు పాలలో కాల్షియం దండిగా ఉంది గానీ డి విటమిన్ నామమాత్రం. కొన్ని కంపెనీల పాలలో, నూనెలో దాన్ని కలుపుతారు. ప్యాకెట్టు మీద నీలం రంగులో ప్లస్ గుర్తు, పక్కన ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే కలిపినట్టు లెక్క. విడి నూనెలో ఉండదు.

ఇవన్నీ తెలుసుకున్నాక నాకు ఒక పిచ్చి పట్టుకుంది. ఏ సమావేశానికి పోయినా అదే మాట. "అక్కా డి తాగు, చిన్నమ్మా డి తాగు" అని. అత్తమ్మకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని నా ఆరాటం.

మా సంఘంలో ఒక అక్క ఉంది. 52 ఏళ్లు. ఆమె ఇప్పుడు ఈ సభలోనే కూర్చుని ఉంది. ఆమెను అడిగే ఈ మాట చెప్తున్నాను. "పేరు చెప్పొద్దు, సంగతి మాత్రం అందరికీ చెప్పు" అనింది. రెండేళ్ల కిందట ఒళ్లు నొప్పులని నేనే ఆమెను ఆస్పత్రికి తీసుకుపోయాను. రక్తపరీక్షలో డి విటమిన్ తక్కువగా ఉంది. డాక్టరు పొడి ప్యాకెట్లు రాసిచ్చారు. ఒక్కొక్కటి 60,000 యూనిట్లు. వారానికి ఒకటి, 8 వారాలు. మందుల షాపులో 8 ప్యాకెట్లు నేనే కొన్నాను. సంచిలో వేసి ఆమె చేతికిచ్చి "పాలలో కలుపుకుని తాగక్కా" అని చెప్పి బస్సు దిగిపోయాను. వారానికి ఒకటి అని చెప్పలేదు. చీటీ చదివి చెప్పలేదు. ఆమెకు చదువు రాదని నాకు తెలుసు. సంఘంలో సంతకం నేర్పించిందే నేను.

ఆమె రోజుకొకటి తాగింది. ఎనిమిది రోజుల్లో అయిపోయాయి. "ఒళ్లు తేలికగా ఉంది పాపా, ఇంకా తెచ్చియ్యి" అనింది. చీటీ నా దగ్గరే ఉంది. నేను టౌనుకు పోయినప్పుడల్లా తెచ్చిచ్చాను. షాపులో ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ లెక్క చూసుకోలేదు. సంఘంలో పది రూపాయలు తేడా వస్తే రాత్రి పదకొండింటి దాకా కూర్చుని లెక్క తేల్చే మనిషిని, ఈ లెక్క మాత్రం చూడలేదు. అన్నీ కలిపి 40 ప్యాకెట్లు. అంటే 24 లక్షల యూనిట్లు. డాక్టరు రాసింది మొత్తం రెండు నెలలకు 4 లక్షల 80 వేలు.

తర్వాత ఆమెకు వాంతులు మొదలయ్యాయి. అన్నం సయించదు. నోరు ఎండిపోయి ఊరికే నీళ్లు తాగడం, ఊరికే ఒంటేలుకు పోవడం. మలబద్ధకం. ఒకరోజు సంఘం మీటింగులో కూర్చుని, ఏ వారమో, ఎంత కట్టాలో తెలియక తికమక పడింది. పచ్చకామెర్లని ఆకు పసరు పోయించారు. తగ్గలేదు. చివరికి పెద్దాస్పత్రిలో చేరిస్తే రక్తంలో కాల్షియం బాగా ఎక్కువైందని తేలింది. "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే ఆమె మనవడు ఖాళీ ప్యాకెట్లు సంచితో తెచ్చి బల్ల మీద పోశాడు. ఆ డాక్టరమ్మ వాటిని చూసి తలపట్టుకుంది. సెలైన్లు పెట్టారు, ప్యాకెట్లు మాన్పించారు. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతినేవి అన్నారు. ఈ విటమిన్ ఒంట్లో కొవ్వులో నిలవ ఉంటుంది. అందుకే మందు ఆపినా వెంటనే దిగదు. ఆమె మామూలు మనిషి కావడానికి నెలలు పట్టింది.

అక్కా, నిన్ను ఆ రోజు క్షమాపణ అడిగాను. ఈ రోజు అందరి ముందరా అడుగుతున్నాను.

ఆ డాక్టరమ్మ దగ్గర నేను ఏడ్చాను. "మేలు చేయాలనే చేశాను మేడం" అన్నాను. ఆమె తిట్టలేదు. కూర్చోబెట్టి చెప్పింది. నా మినిట్సు పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాను. అందులోవి మూడు సంగతులు చదువుతాను.

మొదటిది ఫ్రాన్స్ దేశంలోది. 1992లో ప్రచురించారు. వృద్ధాశ్రమాల్లాంటి చోట్ల ఉండే 3,270 మంది ముసలమ్మలను తీసుకున్నారు. సగటు వయసు 84 ఏళ్లు. ఎండ తగలదు, తిండిలో కాల్షియం తక్కువ. సగం మందికి రోజూ 800 యూనిట్ల డి విటమిన్, దాంతో పాటు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చారు. ఏడాదిన్నరకు చూస్తే, మందు సరిగా వాడినవాళ్లలో తుంటి విరగడం నూటికి 43 పాళ్లు తగ్గింది. లోపం ఉన్నవాళ్లకు రోజూ చిన్న మోతాదు, కాల్షియంతో కలిపి ఇస్తే ఎంత మేలో చూడండి.

రెండోది అమెరికాలోది. 2006లో ప్రచురించారు. ముట్లు ఆగిన 36,282 మంది, 50 నుంచి 79 ఏళ్లవాళ్లు. వీళ్లు తిండికి లోటు లేనివాళ్లు, ఎక్కువ మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. సగం మందికి రోజూ 400 యూనిట్ల డి, 1,000 మిల్లీగ్రాముల కాల్షియం ఏడేళ్లు ఇచ్చారు. ఎముక గట్టితనం కొంచెం పెరిగింది గానీ, తుంటి విరగడం తగ్గిందని గట్టిగా చెప్పలేకపోయారు. కిడ్నీలో రాళ్లు మాత్రం నూటికి 17 పాళ్లు పెరిగాయి. అంటే ఉన్నవాళ్లకు ఇంకా పోస్తే పెద్ద లాభం లేదు.

మూడోది ఆస్ట్రేలియాలోది. 2010లో ప్రచురించారు. 70 ఏళ్లు దాటిన 2,256 మంది ఆడవాళ్లు. రోజూ ఏం మింగుతారులే అని సగం మందికి ఏడాదికి ఒక్కసారి 5 లక్షల యూనిట్లు ఒకేసారి ఇచ్చారు. ఎముకలు బలపడాలి కదా? మందు తాగినవాళ్లే 15 పాళ్లు ఎక్కువసార్లు పడ్డారు, వాళ్లకే ఎముకలు 26 పాళ్లు ఎక్కువ విరిగాయి.

ఈ మూడూ విన్నాక నాకు బుర్రకెక్కింది. డి విటమిన్ మందే, బలం టానిక్కు కాదు. లోపం ఉన్నవాళ్లకు మేలు. లేనివాళ్లకు అనవసరం. మోతాదు దాటితే ఎవరికైనా చేటు. ఉప్పు లేని కూర తినలేం, అని చెప్పి గుప్పెడు ఉప్పు వేస్తే కూర బాగుపడుతుందా?

ఇప్పుడు ఏం చేయాలో చెప్తాను. రాసుకోగలిగినవాళ్లు రాసుకోండి.

రోజుకు ఎంత కావాలి అంటే, మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 600 యూనిట్ల డి విటమిన్ కావాలి, 60 దాటినవాళ్లకు 800. ముట్లు ఆగినవాళ్లకు కాల్షియం 1,200 మిల్లీగ్రాములు. 60,000 ప్యాకెట్టు అంటే అది రోజువారీ మోతాదు కాదు, వంద రోజులకు సరిపడా ఒకే గుక్కలో తాగుతున్నట్టు. అది లోపం పూడ్చడానికి కొన్ని వారాలు ఇచ్చేది. ఎన్ని వారాలు, ఆ తర్వాత ఏం చేయాలి అనేది డాక్టరు చెప్పాలి. పక్కింటి చిన్నమ్మ చెప్పకూడదు, నేనూ చెప్పకూడదు.

ప్యాకెట్టు తాగే రోజు ఒకటి పెట్టుకోండి. మా అక్క ఇప్పుడైతే ఆదివారం అని పెట్టుకునేది. క్యాలెండరులో ఆ తేదీ మీద గీత గీయండి. గీత ఉంటే ఆ వారం అయిపోయినట్టే. అన్నం తిన్నాక గానీ, పాలతో గానీ తాగాలి. కొవ్వు పదార్థంతో బాగా ఒంటికి పడుతుంది. పరగడుపున వద్దు.

కాల్షియం మాత్రలు వాడేవాళ్లు ఐరన్ మాత్రతో కలిపి మింగొద్దు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి వేసుకోండి. కలిపితే ఐరన్ ఒంటికి పట్టదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దానికీ కాల్షియంకూ నాలుగు గంటలు ఎడం ఇవ్వాలి. కాల్షియం మాత్రల్లో చాలావాటిలో డి విటమిన్ కూడా కలిసే ఉంటుంది. అది లెక్కలోకి వస్తుంది. వేరే వేరే డాక్టర్ల దగ్గరికి పోతే అన్ని మందులూ ఒక కవరులో వేసుకుని పోండి. రెండు చోట్ల రెండు పేర్లతో ఒకే మందు రాసే ప్రమాదం ఉంది.

కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. అడగలేదు కాబట్టి చెప్పలేదు అనకండి. మందు వాడుతుండగా వాంతులు, విపరీతమైన దాహం, ఎక్కువసార్లు ఒంటేలు, మలబద్ధకం, తికమక కనిపిస్తే మందు ఆపి వెంటనే ఆస్పత్రికి పోండి.

ఎముక ఒకసారి విరిగినవాళ్లకు, పరీక్షలో బాగా గుల్లబారిందని తేలినవాళ్లకు డి విటమిన్ ఒక్కటే చాలదు. వాళ్లకు ఎముక కరగకుండా ఆపే వేరే మందులు ఉన్నాయి. మా అత్తమ్మకు అవే రాశారు. డి తాగుతున్నాం కదా అని అవి మానేయొద్దు. ఇంకో సంగతి. మోకాళ్ల నొప్పులకని ఎక్కడపడితే అక్కడ ఇంజెక్షన్లు, మాత్రలు వాడేవాళ్లు జాగ్రత్త. వాటిలో స్టెరాయిడ్లు ఉంటే, నెలల తరబడి వాడితే ఎముకలు ఇంకా గుల్లబారతాయి. "ఇందులో స్టెరాయిడ్ ఉందా?" అని ఒక్కమాట అడగండి. అడిగితే తప్పు లేదు.

తిండి సంగతి. మనం పాడి చేసేవాళ్లం. పొద్దున, సాయంత్రం క్యాను ఎత్తుకుని పాల కేంద్రానికి పోతాం. చివరి చుక్క కూడా పోసేసి, ఇంట్లో టీకి అరగ్లాసు ఉంచుతాం. అది కూడా మగవాళ్లకు, పిల్లలకు. పది మందికి పాలు పోసే చేతులు, తమ ఎముకలకు పాలు లేవు. లెక్క చూడండి. ఒక గ్లాసు పాలలో కాల్షియం సుమారు 240 మిల్లీగ్రాములు. ఒక గిన్నె పెరుగులో 200 దాకా. వంద గ్రాముల రాగిపిండిలో 350కి పైగా. మన రాగి సంగటి ముద్ద ఊరికే రాలేదు. పెద్దవాళ్లు తిన్న తిండి అది, మనమే బియ్యానికి మారిపోయాం. గుప్పెడు మునగాకులో 150 దాకా, ఒక స్పూను నువ్వుల్లో 100కు పైగా ఉంటుంది. ఇవన్నీ రోజులో తింటే వెయ్యి దాటుతుంది. మాత్రతో చాలావరకు పని లేదు. దొరకనివాళ్లకే మాత్ర.

ఎండ సంగతి. పగలు పదకొండు తర్వాత చేతులు, కాళ్లు, ముఖం ఎండకు తగిలేటట్టు ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఉండండి. వడియాలు పెట్టే పనో, ధాన్యం తిరగేసే పనో ఆ టైముకు పెట్టుకోండి. నడి వేసవిలో, రోహిణి కార్తెలో మాత్రం ఈ సాహసం వద్దు. వడదెబ్బ తగిలితే ఎముకల మాట తర్వాత.

నడక, బరువు పని ఎముకకు మంచిది. కూర్చున్న ఎముక కరుగుతుంది, పనిచేసిన ఎముక నిలబడుతుంది. పడకుండా చూసుకోవడం మందు కంటే ముఖ్యం. కొట్టంలో తడి బండలు, బాత్‌రూములో పాచి, గడప దగ్గర చీకటి, కళ్లకు శుక్లాలు, పాత జారే చెప్పులు, ఇవే తుంటి విరగ్గొట్టేది. మా అత్తమ్మ పడ్డాక మేము కొట్టంలో గరుకు సిమెంటు వేయించి, ఒక బల్బు పెట్టించాం. ఆమె పడకముందు ఆ పని చేసి ఉంటే ఒక ఆవు మిగిలేది.

చివరిగా చిన్న వయసు చెల్లెళ్లకు ఒక మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మందికి కాస్త పైన. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 9 మంది. దేశంలోనే ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో మనమూ, తెలంగాణా ఉన్నాం. అవసరమైతే ఆపరేషన్ చేయించుకోవాల్సిందే, ప్రాణం కంటే ఎక్కువ కాదు. కానీ తెల్లబట్ట అయినా, నడుం నొప్పి అయినా "తీసేస్తే పీడ పోతుంది" అనే మాట నమ్మకండి. ఇంకో డాక్టరును కూడా అడగండి. "అండాశయాలు ఉంచుతారా, తీస్తారా?" అని అడగండి. గర్భసంచి ఒక్కటే తీస్తే ముట్లు ఆగుతాయి గానీ అండాశయాలు హార్మోను ఇస్తూనే ఉంటాయి. రెండు అండాశయాలూ తీస్తే ఎముకల కాపలా ఆ రోజుతో పోయినట్టే. తీయించుకున్నాక ఆ కాగితం పారేయకండి. పొదుపు పాసుబుక్కు పక్కన పెట్టుకోండి.

ఈ సభ ముందు మా గ్రామ సమాఖ్య తరఫున నాలుగు పనులు పెడుతున్నాను. మీరు ఒప్పుకుంటే తీర్మానం రాసుకుందాం.

ఒకటి. ప్రతి సంఘంలో 45 దాటినవాళ్ల, గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్ల పేర్లు వీఓఏ రాసి ఏఎన్‌ఎం గారికి ఇవ్వాలి. చిన్న దెబ్బకే ఎముక విరిగినవాళ్లు, ఎత్తు తగ్గినవాళ్లు, నడుం వంగినవాళ్లను ముందు డాక్టరుకు చూపించాలి.

రెండు. ఏ సభ్యురాలికైనా కొత్త మందు రాస్తే, సంఘం సమావేశంలో చదువు వచ్చినవాళ్లు ఆ చీటీ గట్టిగా చదివి వినిపించాలి. ఎన్ని, ఎప్పుడు, ఎన్నాళ్లు. తర్వాత ఆమె చేత తిరిగి చెప్పించాలి. అప్పు తీర్మానం చదివినంత జాగ్రత్తగా మందు చీటీ చదవాలి.

మూడు. పాలు పోసే ప్రతి ఇల్లు ఇంటి ఆడమనిషికి రోజుకు ఒక గ్లాసు పాలు ఉంచి మిగతాది పోయాలి. కేంద్రం లెక్కలో తగ్గే ఆ కొంచెం డబ్బు, ఆస్పత్రి లెక్కలో మిగులుతుంది.

నాలుగు. అక్టోబరు 20 ప్రపంచ ఆస్టియోపోరోసిస్ దినం. అంటే ఎముకలు గుల్లబారే జబ్బు గురించి చెప్పుకునే రోజు. వచ్చే ఏడాది ఆ రోజున ప్రతి గ్రామ సమాఖ్యలో ఏఎన్‌ఎం గారిని పిలిచి ఒక గంట మీటింగు పెట్టాలి. మా ఊళ్లో మొదటి మీటింగులో మాట్లాడేది నేను కాదు. నా వల్ల 40 ప్యాకెట్లు తాగిన అక్కే మాట్లాడతానంది.

మొన్న ఆమె ఇంటికి పోతే గోడ మీద క్యాలెండరు చూపించింది. ఇప్పుడు డాక్టరు ఆమెకు ఆ ప్యాకెట్లు రాయడం లేదు, అయినా తేదీల మీద గీతలు ఉన్నాయి. "ఇవేంటక్కా" అంటే, "పాలు తాగిన రోజులు పాపా" అనింది. ఒక్క రోజు కూడా తప్పలేదు.

 జై మహిళా శక్తి.